జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) తమిళనాడులోని కోయంబత్తూరు ప్రాంతానికి చెందిన తెలుగువాడు, ఆవిష్కర్త, పారిశ్రామికవేత్త. ఈయనకు భారతదేశపు ఎడిసన్ అన్న పేరుంది. ప్రాథమిక స్థాయిని మించి చదువుకోకపోయినా మోటారు రవాణా, విద్యుత్ యంత్రాలు, చిన్న గృహోపకరణాలు, వ్యవసాయం వంటి అనేక రంగాలలో కృషి చేశాడు. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారు 1937లో ఈయన కర్మాగారం నుండే వెలువడింది. అయితే ఈయన జీవితానికి మొదటి పాఠశాల ఒక పాత మోటారు సైకిలు ఇంజను.

బాల్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో జన్మించాడు. విజయనగర రాజుల కాలంలోను, ఆ తరువాతి నాయక రాజుల కాలంలోను తమిళదేశానికి వలస వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వ్యవసాయంతో మొదలుపెట్టి పత్తి, నూలు మిల్లులు, యంత్ర పరిశ్రమల వైపు మళ్ళినవారు వీరిలో అనేకులు. కోయంబత్తూరు పారిశ్రామిక చరిత్రలో తెలుగువారి పాత్ర పెద్దదే అయినా ఆంధ్రదేశంలో దానిని గురించి తెలిసినది తక్కువ.

బడి చదువు నాయుడికి రుచించలేదు. ఉపాధ్యాయుల మీద ఇసుక చల్లి శిక్షలు పొందాడన్న కథ ఈయన జీవితచరిత్రలన్నిటిలోను కనిపిస్తుంది. చదువు మధ్యలోనే ఆగిపోయింది. తరువాత తండ్రి పొలంలో పనిచేస్తూ, దొరికిన పుస్తకాలను సొంతంగా చదువుకొంటూ పెరిగాడు.

రడ్జ్ మోటారు సైకిలు

లంకాషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి 1912 నమూనా రడ్జ్ మోటారు సైకిలు మీద ఆ ప్రాంతపు గ్రామాలలో తిరిగేవాడు. ఎద్దు గాని గుర్రం గాని లేకుండా కదిలే బండిని చూసి నాయుడు దానిని ఎలాగైనా సొంతం చేసుకోవాలనుకొన్నాడు. అందుకోసం ఊరు విడిచి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. కొంతకాలం అలా పనిచేసి, కూడబెట్టిన సొమ్ముతో ఆ బండిని కొన్నాడు. కొన్న తరువాత దాని మీద ఊరేగలేదు. భాగాలన్నీ విప్పి, ఒక్కొక్కటి ఎందుకు ఉన్నదో పరిశీలించి, తిరిగి బిగించాడు. ఈ పనితోనే ఆయన మెకానిక్ అయ్యాడు.

నాయుడి మీద వచ్చిన వ్యాసాలన్నీ ఈ సంఘటనను ఒకటి రెండు వాక్యాలలో చెప్పి ముందుకు సాగిపోతాయి. కాని ఆ కాలపు ఇంజనును విప్పి బిగించడంలోని అసలు చిక్కు ఏమిటో తెలిస్తే తప్ప చదువు లేని ఒక యువకుడు దాని నుండి ఏమి నేర్చుకొని ఉంటాడో అర్థం కాదు.

జ్వలన సమయం

పెట్రోలు ఇంజనులో కార్బురేటరు కలిపి పంపిన పెట్రోలు ఆవిరి, గాలి మిశ్రమాన్ని పిస్టను పైకి వస్తూ అదుముతుంది. అప్పుడు ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం ఒక్కసారిగా పేలిపోదు. నిప్పురవ్వ వద్ద అంటుకొన్న మంట మిగతా భాగానికి పాకడానికి సెకనులో కొన్ని వేల వంతుల కాలం పడుతుంది. మంట వలన కలిగే ఒత్తిడి పిస్టను కిందికి దిగడం మొదలుపెట్టిన వెంటనే గరిష్ఠం కావాలంటే, పిస్టను పై అంచుకు చేరడానికి కొంచెం ముందుగానే నిప్పురవ్వ పుట్టాలి. ఎంత ముందు అన్నదే జ్వలన సమయం. వర్క్‌షాపులలో దీనినే టైమింగు అంటారు.

ఇంజను నిమిషానికి 1000 సార్లు తిరుగుతున్నప్పుడు సెకనులో వెయ్యోవంతు కాలంలో దాని ఇరుసు 6 డిగ్రీలు తిరుగుతుంది. 3000 సార్లు తిరుగుతున్నప్పుడు అంతే కాలంలో 18 డిగ్రీలు తిరుగుతుంది. కాబట్టి వేగం పెరిగిన కొద్దీ నిప్పురవ్వను ముందుకు జరపాలి. తరువాతి కాలపు కార్లలో ఈ పనిని డిస్ట్రిబ్యూటరులోని స్ప్రింగు బరువులు, కార్బురేటరు నుండి గాలిని పీల్చుకొనే చిన్న పొర తమంతట తామే చేస్తాయి. 1912 నాటి మోటారు సైకిలు మీద అవి లేవు. హ్యాండిలు మీద ఒక చిన్న మీట ఉండేది. బయలుదేరేటప్పుడు నిప్పురవ్వను వెనక్కు, వేగం అందుకొన్నాక ముందుకు నడిపేవాడే జరుపుకోవాలి. ముందుకు జరిపి ఉంచి స్టార్టు చేస్తే ఇంజను ఎదురు తిరిగి కాలినో చేతినో తన్నేది.

అప్పటి బళ్ళలో విద్యుత్తును చాలావరకు మాగ్నెటో అందించేది. జర్మనీలో రాబర్ట్ బాష్ సంస్థలో గాట్లోబ్ హోనోల్డ్ 1902లో రూపొందించిన అధిక వోల్టేజి మాగ్నెటో వచ్చాకే వేగంగా తిరిగే ఇంజన్లు నమ్మకంగా పనిచేయడం మొదలయింది. తరువాత అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బాటరీ, కాయిలు, పాయింట్లతో పనిచేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఈ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా కార్లలోను, లారీలలోను నిలిచింది.

మాగ్నెటో ఇంజను నుండే గొలుసు ద్వారా గాని పళ్ళ చక్రాల ద్వారా గాని తిరుగుతుంది. విప్పి తిరిగి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా ఇంజను స్టార్టు కాదు. ప్లగ్గు కొత్తది, మాగ్నెటో మంచిది, కార్బురేటరు శుభ్రం, అయినా బండి కదలదు. టైమింగు ఏ విడిభాగంలోనూ ఉండదు. భాగాల మధ్య ఉన్న సంబంధంలో ఉంటుంది. దానిని బజారులో కొనలేము. ఇంజను పనిచేసే వరుస మనసులో ఉన్నవాడు మాత్రమే దానిని సరిచేయగలడు. నాయుడు ఇంజను విప్పడం కంటే, తిరిగి బిగించి నడిపించడమే చెప్పుకోదగ్గ విషయం.

టైమింగు తప్పిన ఇంజను తన లోపాన్ని తానే చెబుతుంది. నిప్పురవ్వ మరీ ముందు పుడితే ఎత్తు ఎక్కేటప్పుడు లోపల గులకరాళ్ళు కొట్టినట్టు చప్పుడు వస్తుంది, ఇంజను వేడెక్కుతుంది, ఎక్కువ కాలం అలాగే నడిపితే పిస్టను కరిగి రంధ్రం పడవచ్చు. ఆలస్యమైతే లాగే శక్తి తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మంట ఇంకా ఆరకుండానే బయటికి పోవడం వలన పొగగొట్టం ఎర్రబడే వరకు కాగుతుంది. ఇబ్బంది ఏమిటంటే కార్బురేటరు లోపాలు కూడా ఇంచుమించు ఇలాగే కనిపిస్తాయి. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనా ఇంజను వేడెక్కుతుంది, కార్బురేటరు నుండి తుమ్మినట్టు చప్పుడు వస్తుంది. అందువలన అనుభవం లేనివారు ముందుగా కార్బురేటరు స్క్రూలు తిప్పి, ఉన్న ఒక లోపాన్ని రెండు చేసుకొంటారు.

దీనికి ఒక వరుస ఉంది. మొదట ప్లగ్గు తీసి రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజనును చేతితో తిప్పి కంప్రెషన్ ఉన్నదో లేదో చూడాలి. ప్లగ్గు కొన నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే పెట్రోలు తక్కువ గాని టైమింగు మరీ ముందు గాని అయి ఉండవచ్చు. తరువాత పాయింట్లు. వాటి మధ్య సందు పాత కార్లలో సాధారణంగా 0.4 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఆ సందును సరిచేసిన తరువాతనే టైమింగు జోలికి పోవాలి, ఎందుకంటే సందు మారితే టైమింగు కూడా మారుతుంది. సందు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపోతాయి, నిప్పురవ్వ ఆలస్యమవుతుంది. టైమింగు మార్చినందువలన మాత్రం సందు మారదు. పాయింటు మడమ తిరిగే ఇరుసు మీద రాచుకొని అరుగుతూ ఉంటుంది. ఎవరూ ఏ స్క్రూ ముట్టుకోని ఇంజను కూడా కొన్ని వేల కిలోమీటర్ల తరువాత మందగించడానికి ఇదే కారణం.

ఆపై మొదటి సిలిండరులో పిస్టను పైకి వచ్చే చోటును ఇంజను మీది గుర్తుతో కలిపి, సరిగా అప్పుడే పాయింట్లు విడిపోయేలా డిస్ట్రిబ్యూటరును కొద్దికొద్దిగా తిప్పాలి. విడిపోయే క్షణాన్ని కనిపెట్టడానికి మాగ్నెటోలో పాయింట్ల మధ్య సన్నని కాగితపు ముక్క పెట్టి మెల్లగా లాగేవారు. కాగితం జారి వచ్చిన క్షణమే నిప్పురవ్వ క్షణం. కాయిలు ఉన్న బళ్ళలో పాయింట్లకు వచ్చే తీగకు, ఇంజను ఇనుముకు మధ్య చిన్న బల్బు కలిపితే పాయింట్లు విడిపోగానే అది వెలుగుతుంది. ఇంజను నిలకడగా ఉన్నప్పుడు బాగా ఆడి, రోడ్డెక్కగానే మొండికేస్తే డిస్ట్రిబ్యూటరులోని స్ప్రింగు బరువులు తుప్పుపట్టి బిగుసుకొన్నాయని గాని, గాలిపొర చిరిగిందని గాని అనుమానించాలి.

ఈ విద్య ఒక్క కోయంబత్తూరుదే కాదు. తెలుగునేలకు ఈశాన్యపు చివర శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి రోడ్ల మీద తిరిగిన పెట్రోలు జీపులు, పాత అంబాసిడర్ కార్లు కూడా ఈ పాయింట్ల ఇంజన్లే. ఉద్దానం వంటి తీరప్రాంతాలలో మరొక చిక్కు తోడవుతుంది. ఉప్పుగాలి పాయింట్ల మీద చిలుము పట్టిస్తుంది, డిస్ట్రిబ్యూటరు మూత లోపల తేమ చేరితే విద్యుత్తు ప్లగ్గు వరకు పోకుండా దారిలోనే జారిపోతుంది. వానాకాలపు ఉదయం మొరాయించిన బండిని చూసి టైమింగు తప్పిందనుకొని తిప్పేవారు, పొడిగుడ్డతో మూత తుడిస్తే సరిపోయేదని తరువాత గ్రహిస్తారు.

బస్సు రవాణా

మోటారు సైకిలుకూ బస్సుకూ మధ్య నాయుడు కొంతకాలం పత్తి వ్యాపారం చేశాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తిరుప్పూరులో బాగా సంపాదించి, తరువాత బొంబాయి పత్తి బజారులో నష్టపోయాడు. తిరిగి మోటార్ల వైపు మళ్ళినప్పుడు కోయంబత్తూరులోని ఆంగ్లేయ వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆయనకు అండగా నిలిచాడు. ఆ సహాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి నుండి పళనికి నడపడం మొదలుపెట్టాడు. సుమారు 65 కిలోమీటర్ల దారి. పళనిలోని సుబ్రహ్మణ్యస్వామి ఆలయానికి వెళ్ళే యాత్రికులు ఎప్పుడూ ఉంటారు కనుక ప్రయాణికులకు కొదవ లేదు. బస్సును మొదట నాయుడే స్వయంగా నడిపేవాడు.

ఆ రోజుల్లో బస్సు అంటే పెట్రోలు ఇంజనే. దారి మధ్యలో ఆగిపోవడం సామాన్యం. ప్రయాణికులు దిగి తోయడం, డ్రైవరు ఇంజను మూత ఎత్తి గంటల తరబడి తంటాలు పడడం ప్రయాణంలో భాగంగా ఉండేవి. బండి నిండితే తప్ప కదలకపోవడం మరొక ఆచారం. నాయుడు స్థాపించిన యు.ఎం.ఎస్. రవాణా సంస్థ కొద్ది సంవత్సరాలలోనే పెద్దదై, క్రమశిక్షణకు, వేళకు నడవడానికి పేరు తెచ్చుకొంది. యజమానికి ఇంజను తెలిసి ఉండడం దీనికి ముఖ్య కారణమని చెప్పవచ్చు. తమ బళ్ళు ఎందుకు ఆగిపోయాయో మెకానిక్ చెప్పినదే నమ్మవలసిన పరిస్థితి ఇతర యజమానులది. నాయుడి దగ్గర ఆ సాకులు చెల్లవు. నడిచే ఇంజను అదురును బట్టి లోపాన్ని కనిపెట్టే పరికరాన్ని కూడా ఆయన రూపొందించాడని చెబుతారు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు దేశమంతటా బస్సులకు బొగ్గు గ్యాసు పొయ్యిలు అమర్చారు. తెలుగు ప్రాంతాలలో పెద్దవారు వీటిని బొగ్గు బస్సులని గుర్తుచేసుకొనేవారు. బొగ్గు గ్యాసు పెట్రోలు కన్న నెమ్మదిగా మండుతుంది. అందువలన అదే ఇంజనుకు నిప్పురవ్వను మరింత ముందుకు జరపవలసి వచ్చేది. టైమింగు తెలియని చోట పొయ్యి పెట్టినా బస్సు ఎత్తు ఎక్కేది కాదు.

1944లో నాయుడు మోటారు సంస్థల నిర్వహణ నుండి తప్పుకొన్నాడు. పరిశోధక విద్యార్థుల వేతనాలకు, తన ఉద్యోగుల, అణగారిన వర్గాల సంక్షేమానికి నిధులు ప్రకటించాడు.

విద్యుత్ మోటారు, ఇతర ఆవిష్కరణలు

నీలగిరులలోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1930ల ఆరంభంలో పనిచేయడం మొదలయ్యాక కోయంబత్తూరుకు చవకగా విద్యుత్తు అందింది. మిల్లులకు, బావులకు మోటార్లు కావలసి వచ్చాయి. అవన్నీ విదేశాల నుండి రావలసినవే. పీలమేడులో నాయుడు నెలకొల్పిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ 1937లో మోటారును ఇక్కడే తయారుచేసింది. ఈ పనిలో డి.బాలసుందరం నాయుడు ఆయనకు తోడు. బాలసుందరం తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. కోయంబత్తూరు నేడు పంపులకు, మోటార్లకు దేశంలో పేరొందిన నగరం కావడానికి పునాది ఈ కాలంలోనే పడింది.

బాటరీతో నడిచే రసంత్ విద్యుత్ క్షురకయంత్రం, పలుచని గడ్డపు బ్లేడ్లు, కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరం, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓటు నమోదు యంత్రం ఈయన ఇతర ఆవిష్కరణలలో కొన్ని. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేయగలనని ప్రకటించాడు. ఫోటోగ్రఫీ మీద కూడా ఆసక్తి ఎక్కువ. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తానే చిత్రీకరించాడు.

పత్తి, మొక్కజొన్న, బొప్పాయి పంటలలో కొత్త రకాల కోసం తన పొలంలో ప్రయోగాలు చేశాడు. సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు ఆ పొలాన్ని సందర్శించారు.

సాంకేతిక విద్య

1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థలు వెలియడంలో నాయుడి విరాళం, చొరవ ముఖ్యమైనవి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి. నాయుడే ప్రిన్సిపాలు. మూడవ తరగతిలోనే బడితో తగవు పడినవాడు ఇంజనీరింగ్ విద్యకు అధిపతి కావడం విశేషమే. ఆ తగవు ఇక్కడ కూడా తీరలేదు. ఇంజనీరింగ్ కోర్సుకు నాలుగేళ్ళు అనవసరమని, యంత్రం ముందు నిలబెట్టి నేర్పితే రెండేళ్ళు చాలునని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు పదవి విడిచిపెట్టాడు. ఆ కళాశాల తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయింది. అది మొదట ఉన్న అవినాశి రోడ్డు ప్రాంతాన్ని కోయంబత్తూరువారు నేటికీ హోప్ కాలేజి అనే పిలుస్తారు.

రెండేళ్ళ వాదన పూర్తిగా సరైనదని చెప్పలేము. తన మోటారు సైకిలు నుండి నేర్చుకొన్న ఓపిక అందరికీ ఉంటుందని నాయుడు భావించినట్టు తోస్తుంది. అయితే పుస్తకంలో జ్వలన పటం గీయగలిగి, ఆగిన ఇంజను ముందు నిలబడలేని పట్టభద్రుల గురించి ఆయన ఫిర్యాదు అకారణమైనదీ కాదు.

లైసెన్సులు, పన్నులు

1952లో నాయుడు రెండు సీట్ల పెట్రోలు కారును బయటికి తెచ్చాడు. ధర సుమారు 2000 రూపాయలు. దానిని పెద్దయెత్తున తయారుచేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. స్వాతంత్ర్యానంతరం ఏ వస్తువు ఎవరు ఎంత తయారుచేయాలో లైసెన్సు ద్వారా ప్రభుత్వమే నిర్ణయించేది. కార్ల తయారీకి అనుమతి కొద్ది సంస్థలకే దక్కింది. ఆ నిర్ణయం వెనుక విదేశీ మారకద్రవ్యం, ఉక్కు కొరత వంటి కారణాలు లేకపోలేదు. కాని కొద్ది సంస్థల కార్ల కోసం దేశం తరువాత కొన్ని దశాబ్దాల పాటు ఏళ్ళ తరబడి వరుసలో వేచి ఉండవలసి వచ్చింది.

పన్నుల విధానం పట్ల కూడా ఆయనకు తీవ్రమైన అసంతృప్తి ఉండేది. దానికి నిరసనగా తన ఆవిష్కరణలను బహిరంగంగా పగలగొట్టడం అప్పట్లో వివాదమైంది. శ్రమపడి చేసిన వస్తువులను నాశనం చేయడం తగదని ఆయనను అభిమానించినవారిలో కొందరు కూడా ఆక్షేపించారు.

చివరి సంవత్సరాలు, స్మృతి

1967లో నాయుడు కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనను నెలకొల్పాడు. విద్యార్థులు యంత్రాలను దగ్గరగా చూసి అవి పనిచేసే తీరు తెలుసుకోవాలన్నది దాని ఉద్దేశం. 1974 జనవరి 4న మరణించాడు. ఈయన కుమారుడు జి.డి.గోపాల్ తండ్రి సంస్థలను కొనసాగించాడు.

అవినాశి రోడ్డులోని జి.డి.నాయుడు ప్రదర్శనశాలలో ఆయన తయారుచేసిన, సేకరించిన వస్తువులు ఉన్నాయి. దానికి తోడుగా 2015లో పాత కార్ల ప్రదర్శనశాల కూడా తెరిచారు. ఈయన జీవితం మీద తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా పురస్కారం లభించింది. 2025లో అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన సుమారు 10 కిలోమీటర్ల పొడవైన వంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది.